ఇంటికి పంపేశాక నొప్పి ఎవరు చూడాలి?

సంపాదకుడు గారికి నమస్కారం,

"ఇంక మేం చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపోండి" అని మా నాయనను ఒక ఆసుపత్రి నుంచి పంపించేశారు. గొంతు క్యాన్సర్. ఆపరేషన్‌కూ, కరెంటు (రేడియేషన్) పెట్టడానికీ ఆరోగ్యశ్రీలో మా చేతి నుంచి పెద్దగా పడలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ తర్వాత ఆదోని దగ్గర మా పల్లెలో నాయన ఇంకా ఐదు నెలలు బతికాడు. ఆ ఐదు నెలల గురించే ఈ ఉత్తరం.

రాత్రి పదకొండు దాటితే గోడకేసి తల కొట్టుకునేవాడు. మెడికల్ షాపులో ఇచ్చే మామూలు నొప్పి మాత్రలు ఏ మూలకూ రాలేదు. నల్లమందు నుంచి తీసే గట్టి నొప్పి మందు మార్ఫిన్ అడిగితే ఒకాయన "అలవాటు పడిపోతాడు" అన్నాడు. నెలల్లో పోయే మనిషికి అలవాటైతే ఏమవుతుందో నాకిప్పటికీ అర్థం కాదు. మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లోనే సవరించి, గుర్తింపు ఉన్న ఆసుపత్రులు ఈ మందు తెప్పించుకోవడం సులువు చేశారు, భయం మాత్రం ఇంకా పోలేదు. చివరికి కర్నూల్లో ఒక డాక్టరమ్మ రాసింది, మలబద్ధకం వస్తుందని దానికీ మందు కలిపి ఇచ్చింది. మాత్ర పడిన మొదటి రాత్రి నాయన తెల్లారిందాకా నిద్రపోయాడు, మేమే భయపడి రెండు మూడు సార్లు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాం. అయితే ఆ మాత్రల కోసం పదిహేను రోజులకోసారి కర్నూలు పోవాలి, మాకు దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు, పోయిన రోజు కూలి కూడా పోయినట్టే.

ఇంట్లో చూసింది మా వదిన. ముక్కులో పైపు ద్వారా రాగి జావ వడకట్టి పోయడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, పుండు కడగడం, అన్నీ ఆమే. తిప్పాలని మాకు చెప్పినవాళ్లు లేరు, నడుము కింద పుండు పడ్డాక యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంది. ఆ ఏడు ఊరంతా సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయ కోతకు పోతే అన్నా వదిన పోలేకపోయారు. మా దిక్కు సుగ్గి డబ్బే ఏడాది ఖర్చు, అది పోతే మిగిలేది అప్పే. మంచాన పడ్డ పక్షవాత రోగులకు 2024 జులై నుంచి నెలకు 15,000 పింఛను ఇస్తున్నారు, సంతోషం, మరి క్యాన్సర్‌తో మంచం పట్టినవాళ్ల ఇంటి సంగతి కూడా ఎవరైనా ఆలోచించాలి కదా.

ఇట్లాంటి రోగులను ఇంటి దగ్గరే చూసుకోవడానికి కేరళ 2008లోనే ఒక విధానం పెట్టుకుంది. అక్కడ పంచాయతీ ఖర్చుతో నర్సు ఇంటికే వచ్చి పుండు కడిగి, పైపు మార్చి, ఇంట్లోవాళ్లకు నేర్పి పోతుంది. మనకేం, మనుషులు లేరా? ఊరూరా ఆశా ఉంది, ఏఎన్ఎం ఉంది. వాళ్లకు ఈ పని నేర్పించి, వారానికోసారి ఇంటికి పంపితే చాలు. ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ ప్రభుత్వాసుపత్రుల్లో వారానికో రోజు నొప్పి ఓపీ పెట్టి, మార్ఫిన్ అక్కడే ఇవ్వాలి. అధికారులు ఈ రెండూ చేస్తే మాలాంటివాళ్లకు సగం టెన్షన్ తగ్గుతుంది.

పోయిన నెల మా వీధిలో ఇంకో ముసలామె మంచం పట్టింది. నాయన కోసం కొన్న గాలి పరుపు వాళ్లకిచ్చాం. పక్కకు ఎట్లా తిప్పాలో మా వదినే పోయి చూపించి వచ్చింది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఆదోని మండలం, కర్నూలు జిల్లా