ఏడాది మధ్యలో సెక్షన్లు మార్చొద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. చాలా ప్రైవేటు స్కూళ్లలో ఆరో తరగతి నుంచే మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీస్తున్నారు. ఒకసారి విడదీసి ఊరుకోరు, ప్రతి పెద్ద పరీక్ష తర్వాతా అటువాళ్లను ఇటు, ఇటువాళ్లను అటు మారుస్తారు. పేరెంట్స్ మీటింగ్‌లో దీన్ని గొప్పగా చెబుతారు కూడా. దీనివల్ల పిల్లలకు ఏం పోతోందో ఎవరూ అడగడం లేదు.

రెండో తరగతి పిల్లకి పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లే ఫ్రెండ్. ఆరేడు తరగతులకొచ్చేసరికి అది సరిపోదు. నా మాట బయటపెట్టకుండా ఎవరుంటారు, నలుగురూ ఏడిపిస్తుంటే నా పక్షాన ఎవరు నిలబడతారు అని చూసుకుంటారు. ఒళ్లు మారే వయసు. పెద్దమనిషి కావడం గురించిన భయాలు చాలామంది ఆడపిల్లలు అమ్మకంటే ముందు నేస్తానికే చెప్పుకుంటారు. అమెరికన్ మానసిక వైద్యుడు హ్యారీ స్టాక్ సల్లివన్ ఈ ప్రాణస్నేహం గురించి చాలా కిందటే చెప్పారు. ఎదుటివాళ్ల సంతోషాన్ని తన సంతోషంగా చూసుకోవడం పిల్లలు మొదటిసారి నేర్చుకునేది ఈ స్నేహంలోనేనట. అంత నమ్మకం కుదరాలంటే నెలల తరబడి కలిసి తిరగాలి, పోట్లాడుకోవాలి, మళ్లీ మాట కలపాలి.

సంక్రాంతి సెలవుల తర్వాత మా అమ్మాయిని పై సెక్షన్‌కు మార్చారు. అందరూ మెచ్చుకున్నారు. ఆ వారం నుంచి లంచ్ బాక్సులో సగం అన్నం అలాగే తిరిగొస్తోంది. ఎందుకు మిగిల్చావంటే, "ఎవరితో తినను?" అంది. పాత సెక్షన్‌కు లంచ్ టైం వేరు. ఇంటికొచ్చాక ఫోన్ పట్టుకుంటోందని తిడతాం గానీ, పాత ఫ్రెండ్‌తో మాట్లాడడానికి దానికి ఇంకో దారేది?

మార్కులకు తగ్గట్టు పాఠం చెప్పడం తేలికంటారు టీచర్లు. వెనకబడినవాళ్లకు సాయంత్రం ఓ గంట విడిగా చెప్పొచ్చు. అందుకోసం స్నేహితుల మధ్య నుంచి లేపెయ్యక్కర్లేదు.

ఇక స్నేహం కుదిరే ఇంకో చోటు ఆటలు. ప్రతి స్కూలుకూ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఉన్నచోట కూడా గేమ్స్ పీరియడ్‌ను లెక్కల సారు తీసేసుకుంటారు.

జూన్‌లో వేసిన సెక్షన్లను ఏప్రిల్ దాకా కదపకూడదని, ఒక తరగతి పిల్లలందరికీ ఒకే లంచ్ టైం ఉండాలని విద్యాశాఖ ఉత్తర్వులివ్వాలి. తనిఖీకి వచ్చే ఎంఈఓలు టైంటేబుల్ కాగితం చూసి వెళ్లిపోకుండా, గేమ్స్ పీరియడ్‌లో గ్రౌండ్‌కు వెళ్లి అక్కడ పిల్లలున్నారో లేదో చూడాలి.

— ఏడో తరగతి విద్యార్థిని తల్లి, ఖమ్మం