సాయంత్రం ఏడింటికి ఫోన్ చేసిన అక్కయ్యకు కృతజ్ఞతలు

మా పెద్దల నివాస సముదాయంలో మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ నిన్న సాయంత్రం ఎవరి చేయీ అందుకోకుండా కుర్చీలోంచి లేచి, తలుపు దాకా నడిచి వచ్చి, నన్ను పేరు పెట్టి పిలిచారు. 19 రోజుల కిందట నన్నెవరో దొంగ అనుకుని భయపడి గడియ పెట్టుకున్నది ఆవిడే. ఇన్నాళ్ళూ సరైన నిద్ర లేక నా చేతులు ఇంకా వణుకుతున్నాయి. అయినా రేపటికి వాయిదా వేస్తే కొన్ని వివరాలు జారిపోతాయేమోనని, ఆవిడ అనుమతి తీసుకుని ఇప్పుడే రాస్తున్నాను.

112 ఇళ్ళున్న ఈ సముదాయానికి నేను ఒక్కదాన్నే సమన్వయకర్తను. వైద్యం చేయడం నా పని కాదు. ఎవరికి ఏ సాయం కావాలో కనిపెట్టి, ఆ సాయం చేయగలవారిని వారి గుమ్మం దాకా తీసుకురావడం నా పని. ఆ బుధవారం రాత్రి మాత్రం ఎవరిని పిలవాలో నాకే తోచలేదు. చూసిన వారందరూ మతిమరుపు జబ్బు మొదలైందని, ఈ వయసులో మామూలేనని అన్నారు. ఎప్పుడో ఒక శిక్షణలో పంచిన సమన్వయకర్తల ఫోన్ నంబర్ల కాగితం సొరుగులో దొరికితే, పై నుంచి వరుసగా చేస్తూ పోయాను. రాత్రి పదిన్నరకు నాలుగో నంబరు పలికింది. మరో ఊళ్ళో ఇదే ఉద్యోగం చేస్తున్న ఆమెను నేను అంతకుముందు చూడలేదు, ఆమె గురించి వినలేదు. తన పేరు రాయవద్దన్నారు కనుక అక్కయ్య అనే రాస్తాను.

‘నిన్న ఎలా ఉన్నారమ్మా ఆవిడ?’ అన్నది అక్కయ్య మొదటి ప్రశ్న. నిన్న పొద్దున తన ఖర్చుల లెక్క తానే రాసుకున్నారని చెప్పాను. ‘అయితే మతిమరుపు జబ్బని ఇప్పుడే అనుకోవద్దు. అది నెలలూ ఏళ్ళూ పట్టి వస్తుంది. గంటల్లో, రోజుల్లో మనిషి మారిపోతే డెలీరియం, అంటే ఒంట్లో మరేదో తేడా వల్ల హఠాత్తుగా వచ్చే అయోమయం, కావచ్చు. తెల్లవారేదాకా ఆగకండి, ఇప్పుడే ఆసుపత్రికి పంపండి’ అన్నారు. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదైనా పెద్ద వయసువారిని అలా అయోమయంలో పడేయగలదని, కొందరు అరవకుండా మగతగా పడి ఉంటారు కనుక వారి సంగతి ఎవరూ గమనించరని ఆ రాత్రే తెలిసింది. అంబులెన్సు వచ్చేదాకా ఫోన్ పెట్టకుండా నాచేత ఒక కాగితం రాయించారు: ఏ మందులు వాడతారు, మామూలుగా ఎలా నడుస్తారు, ఎంత వినిపిస్తుంది, తేదీలు గుర్తుంటాయా, మార్పు ఏ పూట నుంచి. మార్పు హఠాత్తుగా వచ్చిందా, పూటపూటకూ మారుతోందా అన్నదే 1990లో ప్రచురితమై నేటికీ ఆసుపత్రుల్లో వాడుతున్న డెలీరియం పరీక్షలో మొదటి అంశమట. ఆవిడను తొలిసారి చూస్తున్న డాక్టరుకు ఆ జవాబు చెప్పగలిగింది ఆ కాగితం ఒక్కటే. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలి చికిత్స మొదలైంది.

మరునాడు సాయంత్రం ఏడింటికి అక్కయ్య ఫోన్ చేశారు. పెద్దావిడ సంగతి అడుగుతారనుకున్నాను. ‘భోజనం చేశారా? నిద్ర పట్టిందా? రేపు బయటికి వెళ్ళే పనేమైనా ఉందా?’ అని మూడు ప్రశ్నలూ నా గురించే అడిగారు. తమ దగ్గర ఒంటరిగా ఉండే పెద్దలను ఆమె రోజూ ఆ వేళకు ఫోన్‌లో పలకరిస్తారట. ఆ జాబితా చివర నా పేరు కూడా రాసుకున్నానని చాలా మామూలుగా చెప్పారు. అలాంటి జాబితానే నేను తొమ్మిదేళ్ళుగా మా వాళ్ళ కోసం నడుపుతున్నాను. అందులో పేర్లు చేర్చడమే తప్ప, నా పేరును ఎవరైనా తమ జాబితాలో చేర్చుకుంటారని ఏనాడూ అనుకోలేదు. ఫోన్ పట్టుకుని మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. నేను ఆగేదాకా అక్కయ్య ఏమీ అనలేదు. ఆ తరువాత రెండో ప్రశ్న మళ్ళీ అడిగారు. నిన్నటి వరకు ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు.

తరువాతి వారం శుక్రవారం, మా ఆఫీసు మూసే వేళకు, ఆసుపత్రి వారు ఆవిడను ఒక సంచెడు మందులతో ఇంటికి పంపించేశారు. ఏది ఆపాలో, ఏది కొత్తదో చెప్పే కాగితం లేదు. ఫోన్ చేస్తే, బంధువును కాను కనుక నాకు వివరాలు చెప్పలేమన్నారు. శనివారం ఆవిడ మాట మళ్ళీ తడబడింది. ఆదివారం, తనకున్న ఒక్క సెలవు రోజున, అక్కయ్య రెండు బస్సులు మారి వచ్చారు. ఇంట్లో ఉన్న మందులన్నీ, డాక్టరు రాసినవీ సొంతంగా కొన్నవీ కలిపి, బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ దేనికని పెద్దావిడనే ఓపికగా అడిగారు. జలుబుకని ఎప్పుడో కొని, నిద్ర కోసం వేసుకుంటున్న డైఫెన్‌హైడ్రమిన్ మాత్రలు బయటపడ్డాయి. 1991లో మొదలై నేటికీ సవరిస్తూ వస్తున్న బీర్స్ జాబితాలో, పెద్ద వయసువారికి సాధారణంగా తగని మందుల్లో అదొకటి. అక్కయ్య తనంతట తాను ఏదీ ఆపమనలేదు. ఫార్మసిస్టుకు చెప్పి, ఆయనచేత డాక్టరుతో మాట్లాడించారు. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉందనుకోవాలని చూపించారు. ఆ రోజు ఆవిడకు 31 పట్టింది, నిన్న 14. వెళ్ళేముందు, ఆరోగ్యంగా ఉన్నప్పుడే పెద్దల చేత సంతకం చేయించుకోవలసిన అనుమతి పత్రం నమూనా ఇచ్చారు. అది ఉంటే ఆసుపత్రి వారు నాతో మాట్లాడగలరు. ఇప్పటికి 43 మంది సంతకాలు చేశారు.

ఒక్క మాట అనకుండా ఉండలేకపోతున్నాను. ఐక్యరాజ్య సమితి 2021 నుంచి 2030 వరకు ఆరోగ్యకరమైన వృద్ధాప్య దశాబ్దమని ప్రకటించింది. ఇల్లు ఇచ్చే శాఖ తన పని పైకప్పు వరకేనంటుంది, వైద్యం చేసేవారు తమ పని డిశ్చార్జి వరకేనంటారు, ఆ రెంటి మధ్య ఉన్న మనిషికి మాత్రం రాత్రిపూట సలహా అడగడానికి ఒక నంబరు లేదు, సెలవు పెడితే బదులు వచ్చేవారు లేరు, కొత్తగా చేరినప్పుడు పని నేర్పే అనుభవజ్ఞులు లేరు. నెలకు ఎన్ని ఫారాలు నింపానన్న లెక్క మాత్రం పైవారు తప్పకుండా అడుగుతారు. సొరుగులో ఆ పాత కాగితం దొరకకపోతే ఆవిడ ఏమై ఉండేవారో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది.

ఇన్నాళ్ళూ ఇల్లు చూసుకున్న మావారికి, అమ్మకు వేరుగా చెప్పనక్కర లేదు.

హడావుడిలో కొందరిని మరిచాను. రెండో అంతస్తు మాస్టారు రోజూ సాయంత్రం క్యాలెండరు, గడియారం ఎదురుగా పెట్టి, ఇవాళ ఏ వారమో ఆవిడకు విసుగు లేకుండా చెప్పేవారు. రాత్రి కాపలా ఆయన లిఫ్టు పట్టుకుని నిలబడ్డారు. ఆవిడ కుండీలకు నీళ్ళు పోసినది ఎవరో నాకింకా తెలియదు. అంబులెన్సుతో వచ్చిన కుర్రవాడు, స్ట్రెచరు ఎక్కించాక, ఆవిడ కళ్ళజోడు, వినికిడి యంత్రం ఇంట్లోనే ఉండిపోయాయని నేను అనగానే, మూడు అంతస్తులూ మెట్లెక్కి వెళ్ళి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. అతని పేరు అడగలేదు.