పక్షవాతం వచ్చిన కార్మికుడిని రెండు గంటలు గేటు లోపలే ఉంచడంపై ఫిర్యాదు

యూనిట్ హెడ్ గారికి,

అయ్యా,

మీ మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న ఆపరేటర్ కూతురిని నేను. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుని. నా మొదటి ఉత్తరానికి మీ హెచ్‌ఆర్ విభాగం "ఇది పని వల్ల అయిన గాయం కాదు, కంపెనీకి సంబంధం లేదు" అని ఒక్క ముక్కలో జవాబిచ్చింది. పక్షవాతం మీ పని వల్ల వచ్చిందని నేనెక్కడా రాయలేదు. మా నాన్నకు బీపీ ఉంది, మందులు వాడుతున్నారు. అది వచ్చాక మీ గేటు లోపల ఏం జరిగిందన్నదే నా ఫిర్యాదు.

మధ్యాహ్నం రెండుంబావుకి నాన్న కుడిచేతిలోంచి స్ట్రిప్పులు జారిపోవడం పక్క లైన్‌లో ఉన్న అబ్బాయి చూశాడు. "ఏమైంది బాబాయ్" అని అడిగితే మాట ముద్దగా వచ్చింది, మూతి ఎడమవైపు లాగేసింది. ఆ అబ్బాయికి వెంటనే అర్థమైంది, వాళ్లింట్లో ఒకరికి ఇలాగే అయిందట. కానీ 108కి ఫోన్ చేద్దామంటే ఫోన్లన్నీ గేటు దగ్గర లాకర్లలో ఉన్నాయి. ఇంటర్‌కామ్‌లో బయటి నంబర్లు కలవవు. సెక్యూరిటీకి చెబితే ఫస్ట్ ఎయిడ్ రూమ్‌కి తీసుకెళ్లమన్నారు.

అక్కడ బీపీ 190/110 ఉందని నాలుక కింద మాత్ర పెట్టారు. నీరసమేమోనని గ్లూకోజు నీళ్లు పట్టారు, పొలమారింది. కాసేపు పడుకుంటే సర్దుకుంటుందన్నారు. ఈ మూడూ చేయకూడనివే. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు ఆ భాగానికి కొంచెమైనా రక్తం చేరేది ఆ ప్రెషర్ వల్లే, దాన్ని ఒక్కసారిగా దించితే ఉన్నదీ ఆగిపోతుంది. మింగలేని మనిషి గొంతులో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇక పడుకోబెట్టి చూడటమంటారా, పక్షవాతంలో చికిత్సంతా మొదటి గంటల్లోనే ఉంది. అక్కడున్న కుర్రాడిని నేను తప్పుపట్టను. గాయానికి కట్టు కట్టడం, కంట్లో కెమికల్ పడితే కడగడం తప్ప అతనికి మీరు ఇంకేం నేర్పలేదు.

ఆ తర్వాత అవుట్ పాస్. షిఫ్ట్ ఇన్‌చార్జి సంతకం అయింది, హెచ్‌ఆర్ సంతకం కోసం మనిషి రావాలి. కంపెనీ అంబులెన్స్ ఎవరో అతిథులను దింపడానికి వెళ్లింది. 108ని పిలవమని ఆ అబ్బాయి బతిమాలితే, బయటి అంబులెన్స్ గేట్లోకి వస్తే ప్రమాదం కింద రిపోర్టు రాయాల్సి వస్తుందని ఆపారు. ప్రమాదం లేకుండా ఎన్ని రోజులు గడిచాయో మీ మెయిన్ గేటు బోర్డు మీద పెద్ద అంకెల్లో రాసి ఉంటుంది. ఆ అంకె చెడకూడదని మా నాన్నను లోపలే ఉంచారని నా ఆరోపణ. కాదంటే రాతపూర్వకంగా చెప్పండి.

నాలుగూ ఇరవైకి గేటు దాటించారు. అదీ మీకు టైఅప్ ఉన్న నర్సింగ్ హోమ్‌కి. అక్కడ సీటీ స్కాన్ లేదు. మాకు కబురు అందింది కూడా అప్పుడే. అక్కడినుంచి స్కాన్ ఉన్న ఆసుపత్రికి నాన్నను చేర్చేసరికి ఆరూ నలభై. సీటీ తీసి డాక్టరుగారు చూసేసరికి ఏడు దాటింది.

ఈ టైములన్నీ ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. పక్షవాతం కేసుల్లో ఎక్కువ భాగం గడ్డ వల్ల వచ్చేవే. ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. మూడు గంటల్లోపు ఇస్తే మేలని 1995లోనే తేలింది, 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది. గడువుంది కదా అని ఆగడానికి లేదు, ఎంత ముందు పడితే అంత మేలు. వైద్యం అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని లెక్కగట్టారు. పైగా అది గడ్డో, రక్తస్రావమో స్కాన్ తీయందే తెలియదు, తెలియకుండా ఆ ఇంజెక్షన్ వేయకూడదు. అందుకే స్కాన్ లేని చోటికి తీసుకెళ్లడమంటే ఆ సమయం మొత్తం పోగొట్టడమే. పెద్ద నాళంలో గడ్డ ఉంటే కొందరికి 24 గంటల దాకా తీగ పంపి బయటికి లాగుతారు. నాన్నది లోపలి చిన్న నాళం, ఆ దారీ లేకపోయింది.

రెండుంబావు నుంచి నాలుగున్నర గంటలంటే ఆరూ ముప్పావు. మీ గేటు లోపల పోయింది రెండు గంటలకు పైనే. ఆ మధ్యాహ్నం ఆ అబ్బాయి మాట విని 108ని పిలిచి ఉంటే మూడున్నరకల్లా స్కాన్ అయిపోయేది. ఇంజెక్షన్ ఇస్తే అందరూ లేచి నడుస్తారని నేననను, నా వార్డులోనే అలా కానివాళ్లను చూశాను. ఆ అవకాశం మా నాన్నకు దక్కనివ్వలేదన్నదే నా బాధ. ఇప్పుడు ఆయన ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకుంటున్నారు. మాట వస్తుంది కానీ చెప్పాలనుకున్నది ఒకటైతే నోట వచ్చేది ఇంకొకటి, దాంతో ఆయనకే కోపమొచ్చి ఊరుకుండిపోతారు.

500 మంది దాటిన ఫ్యాక్టరీలో అంబులెన్స్ రూమ్ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. గదీ, బోర్డూ మీకున్నాయి. మంటలొస్తే ఏం చేయాలో డ్రిల్ చేయిస్తారు. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఏం చేయాలో ఎవరికీ చెప్పలేదు. ప్రతి సెక్షన్ ఇంటర్‌కామ్ నుంచి 108 కలిసేలా చేయించండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు అవుట్ పాస్ అడగొద్దని సెక్యూరిటీకి రాతపూర్వకంగా ఆర్డరివ్వండి. రాత్రీ పగలూ సీటీ, ఆ ఇంజెక్షన్ రెండూ ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో కనుక్కుని, ఆ పేరు ఫస్ట్ ఎయిడ్ రూమ్ గోడ మీద రాయించండి. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక మా సంగతి. రాజీనామా రాసిస్తే సెటిల్‌మెంట్ చేస్తామని మీ హెచ్‌ఆర్ నుంచి మా అమ్మకు ఫోన్ వస్తోంది. నాన్న రాజీనామా చేయరు. ఆయన ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) సభ్యులు. శరీరంలో ఒక పక్క పడిపోయే పక్షవాతం ఈఎస్‌ఐ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉంది, ఆ జబ్బు సెలవుకు మీ వైపు నుంచి కావాల్సిన కాగితాలు ఆపకుండా ఇప్పించండి. ఇంటికి ఆ ఫోన్లు ఆపించండి.

ఆ రోజు ఫస్ట్ ఎయిడ్ రూమ్ రిజిస్టర్, అవుట్ పాస్, కంపెనీ అంబులెన్స్ లాగ్‌బుక్ కాపీలు, గేటు సీసీ కెమెరా రికార్డింగ్ నాకు కావాలి. రికార్డింగ్ చెరిగిపోకుండా ఈ ఉత్తరం అందిన రోజే భద్రపరచండి. పదిహేను రోజుల్లో మీ సంతకంతో జవాబు రాకపోతే ఇదే ఉత్తరాన్ని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కీ, కార్మిక శాఖకీ ఇస్తాను.

ఇట్లు,
మీ ప్యాకింగ్ ఆపరేటర్ కుమార్తె

జతపరిచినవి: సీటీ రిపోర్టు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, మీ హెచ్‌ఆర్ జవాబు కాపీ