కళ పేరుతో కొత్త సీసాలా?

సంపాదకులకు,

పాత ప్లాస్టిక్‌తో అలంకరణ వస్తువులు చేయించడం మంచి అలవాటే. కానీ మా పేటలో ఒక ప్రైవేటు బడి ఇటీవల పెట్టిన పోటీకి ఒకే రకం సీసాలు డజను తెమ్మన్నది. తల్లిదండ్రులు అందుకోసమే కూల్‌డ్రింకులు కొన్నారు. తాగలేనివాళ్లు పారబోశారు కూడా!

అంతకన్నా బాధపెట్టేది ఇంకొకటి. నీళ్ల సీసాలను పాత సామాన్లవాళ్లు తూకానికి కొంటారు. అడుగున త్రికోణంలో 1 అంకె ఉండే ఆ ప్లాస్టిక్‌ను కడిగి, ముక్కలు చేసి, పాలియెస్టర్ దారం తీస్తారు. అదే సీసాను పూలకుండీగా చేసి, రంగు పూసి, మెరుపుపొడి చల్లి, పూసలు అతికించాక ఎవరు కొంటారు? నెల తిరగకుండానే ఆ పూలకుండీ చెత్తబండి ఎక్కుతుంది.

చేయాలనుకుంటే కర్రీ పాయింట్ల డబ్బాలు లేవా? విజయవాడలో కూర పార్సిల్ రాని వీధి ఏది? వాటిలో చాలావాటిపై 5 అంకె ఉంటుంది, అంటే పాలీప్రొపిలీన్. పలుచన, పైగా జిడ్డు. సామాన్లవాళ్లు చాలామంది ముట్టుకోరు. చిక్కల్లా ఈ ప్లాస్టిక్‌కు రంగు నిలవదు, మామూలు జిగురూ పట్టదు. కత్తిరించి, చిల్లులు పెట్టి, దారంతో కుట్టాలి. రంగు కావాలంటే రంగు మూతలే ఏరుకోవాలి. అలా కుట్టిన మూతల తోరణం దసరా బొమ్మల కొలువు మెట్లకు కడితే ఎంత ముచ్చటగా ఉంటుందో! దారం తెంపితే ఏ ముక్కకాముక్క విడిపోతుంది. పొణికి కర్ర ముక్కలను చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికే కొండపల్లి పనివారు మనకు దగ్గరలోనే ఉన్నారు. ఏ పదార్థానికి ఏ అతుకో చెప్పడానికి వారిని ఒక పూట బడికి పిలిచి, తగిన పారితోషికం ఇవ్వవచ్చు. కొవ్వొత్తి మంటపై ప్లాస్టిక్ వంచడం మాత్రం పిల్లలతో చేయించకండి, ఆ పొగ మంచిది కాదు.

గుంటూరు మిర్చి పల్లెల్లోని బడులకు ఇంకో మాట. పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా పనికిరావు. ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి చిల్లులు పొడవమనేది దాన్ని మళ్లీ ఎవరూ వాడకూడదనే. అది పూలకుండీగా కూడా ఇంట్లోకి రాకూడదు.

విద్యాశాఖ, నగరపాలక సంస్థ కలిసి ఈ పోటీలకు నియమాలు పెట్టాలి: కొన్న సీసా తెస్తే పోటీకి అనర్హత; రంగు, మెరుపుపొడి నిషేధం. ప్రదర్శన ముగిశాక ఆ వస్తువులు ఎక్కడికి చేరాయో బడి రాసి చూపించాలి. మార్కుల్లో సగం దానికే ఇవ్వాలి.

– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ