పాలిసెట్ గడువు దాటాక మార్కులు చేతికొస్తే ఏం లాభం?

సంపాదకుల గారికి, నమస్కారం.

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచేసరికి ప్రైవేటు జూనియర్ కాలేజీల పీఆర్వోలు (కాలేజీకి పిల్లల్ని చేర్పించే ఏజెంట్లు) మా పదో తరగతి పిల్లల ఇళ్లన్నీ తిరిగేసి ఉంటారు. పిల్లలింకా ప్రీ ఫైనల్ కూడా రాయరు, అప్పటికే కొందరు తండ్రులు ఎంపీసీకి అడ్వాన్సు కట్టేస్తారు. "ఇప్పుడు కడితే ఫీజులో రాయితీ అన్నారు మేడమ్" అంటారు. తూర్పు గోదావరి జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పంతొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. మా పిల్లల్లో చాలామంది ఏం చదవాలో తేలిపోయేది ఆ రసీదు చింపిన రోజే.

ఇక తేదీల సంగతి చూడండి. 2025లో మన రాష్ట్రంలో పదో తరగతి ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి. పాలిటెక్నిక్ డిప్లొమాలో చేరేందుకు రాసే పాలిసెట్ ఏప్రిల్ 30న జరిగింది. దరఖాస్తు గడువు మాత్రం ఫలితాలు రాకముందే ముగిసిపోయింది. మార్కులు చూసుకుని "ఇంటర్ వద్దులే, డిప్లొమాలో వేద్దాం" అని ఇంట్లో వాళ్లు మెత్తబడేసరికి చేయడానికేమీ లేదు. ఆ వారంలో అలా మా బడికే ఇద్దరు తల్లులు వచ్చి వెళ్లారు. పాలిసెట్ ఏమంత పెద్ద గండమూ కాదు. 120 ప్రశ్నలు, రెండు గంటలు, అన్నీ పదో తరగతి లెక్కలూ సైన్సే. పబ్లిక్ పరీక్షల ఊపు తగ్గకుండానే రాసేయొచ్చు. చేర్చే ఉద్దేశం ఉన్నా లేకపోయినా మార్చిలోనే అప్లై చేయించండని తల్లిదండ్రులకు నా మాట. రాసినంత మాత్రాన చేరి తీరాలని ఎవరూ పట్టుబట్టరు. హాల్ టికెట్లు ఇచ్చే రోజునే ఈ దరఖాస్తు కూడా బళ్లోనే నింపించేలా విద్యాశాఖ ఒక్క ఉత్తర్వు ఇస్తే సగం గొడవ తీరుతుంది.

డిప్లొమాకి వెళితే ఇంజినీరింగ్ పోయినట్టేనని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. మూడేళ్ల డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీటెక్ రెండో ఏడాదిలోకే వెళ్లవచ్చు.

ఐటీఐ (చేతిపనులు నేర్పే పారిశ్రామిక శిక్షణ సంస్థ) మాటెత్తితే చాలు మొహం మాడ్చుకుంటారు. నేనూ తక్కువ తినలేదు. ఐదేళ్ల కిందట మా స్టాఫ్ రూములో ఫ్యాను తిరక్కుండా మూలుగుతుంటే, తొమ్మిదో తరగతి కుర్రాడొకడు తల పైకెత్తి చూసి "కెపాసిటర్ పోయింది మేడమ్" అన్నాడు. డబ్బులిస్తే వెళ్లి కొనుక్కొచ్చాడు. అటెండర్ చేత మెయిన్ ఆపించి, ఆగిందో లేదో టెస్టర్‌తో రెండుసార్లు చూసుకుని, అప్పుడు స్టూలెక్కాడు. పది నిమిషాల్లో ఫ్యాను తిరిగింది. వాళ్ల బాబాయికి మోటార్ వైండింగ్ షాపు ఉంది, అక్కడ నేర్చుకున్నాడట. ఆ పిల్లాణ్ని తీసుకెళ్లి ఎంపీసీలో, అదీ హాస్టల్లో వేశారు. రెండేళ్లూ లెక్కలు తప్పాడు. ఇంకో ఏడాది సప్లిమెంటరీలతో గడిచింది. ఇప్పుడు ఐటీఐ ఎలక్ట్రీషియన్‌లో మొదటి ఏడాది చదువుతున్నాడు. తండ్రిని ఏమనగలను? ఫ్యాను బాగుచేయించుకున్న నేను కూడా ఆ రోజు ఐటీఐ మాట చెప్పలేదు. నాకు తెలిసిందల్లా ఇంటర్, డిగ్రీ, బీఈడీ.

ఆ తర్వాతే తెలుసుకోవడం మొదలుపెట్టాను. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్ల కోర్సులు. వెల్డర్ ఏడాదే, దానికి ఎనిమిదో తరగతి పాసైతే చాలు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి పదితో పాటు ఐటీఐ గానీ, డిప్లొమా గానీ అడుగుతారు. విశాఖ నేవల్ డాక్‌యార్డ్ ఐటీఐ పిల్లల్ని అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. అప్రెంటిస్ అంటే ఉద్యోగం ఖాయమైనట్టు కాదు. కానీ స్టైపెండ్ వస్తుంది, పెద్ద యంత్రాల మీద చేయి తిరుగుతుంది. చేర్చే ముందు మాత్రం ఒకసారి ఆ ఐటీఐకి వెళ్లి చూడండి. ఆ ట్రేడుకు ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడా, లేత్ మిషన్ నడుస్తోందా, దుమ్ము పట్టి పడుందా? కొన్నిచోట్ల బోర్డు తప్ప ఏమీ ఉండదు.

మాకు దగ్గర్లోనే కడియం నర్సరీలు. అంట్లు కట్టే కూలికి వెళ్లే తల్లుల పిల్లలు మా బళ్లో చాలామందే ఉన్నారు. సెలవుల్లో వాళ్లూ వెళతారు, ఏ కొమ్మకు ఏది అతుకుతుందో నాకంటే బాగా చెబుతారు. వెంకట్రామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం కింద పది పాసైన వాళ్లకు రెండేళ్ల హార్టికల్చర్ డిప్లొమా ఉందని ఆ ఇళ్లలో అడిగితే ఒక్కరికీ తెలియదు. పీఆర్వో చెప్పడు కదా, అందులో ఆయనకేం మిగులుతుంది!

"పెద్దయ్యాక ఏమవుతావ్?" అని అడిగితే పిల్లలు మనకు నచ్చే జవాబే చెబుతారు. దానికంటే, చెప్పకుండానే వాళ్ల చేతులు దేని మీదకు పోతున్నాయో గమనించండి. వేసవిలో ఓ నాలుగు రోజులు ఆ పని చేసేవాళ్ల దగ్గర కూర్చోబెట్టండి. నర్సింగ్ అంటున్న అమ్మాయికి నైట్ డ్యూటీ చేసొచ్చిన నర్సు చేత మాట్లాడించండి. అప్పటికీ నర్సే అవుతానంటే చేర్పించండి.

మీ పత్రికకూ ఓ మనవి. ఫలితాల మర్నాడు కాలేజీల ప్రకటనల్లో పేజీలకు పేజీలు ర్యాంకర్ల ఫొటోలే. ఆ ప్రకటనలు వద్దనను, పత్రిక నడవాలి. కానీ జనవరి నుంచి మార్చి వరకు వారానికో అరపేజీ లైన్‌మన్, ల్యాబ్ టెక్నీషియన్, సర్వేయర్ రోజంతా ఏం చేస్తారో, మొదట్లో జీతమెంతో, ఏ కోర్సు చదివి అక్కడికొచ్చారో రాయండి. మేం కత్తిరించి నోటీసు బోర్డుకు అంటిస్తాం.

ఈసారి మా పదో తరగతితో మాట్లాడటానికి ఆ వైండింగ్ షాపు బాబాయినే పిలిచాను. "నేనొచ్చి ఏం చెప్పను మేడమ్, నేనే టెన్త్ ఫెయిలు" అన్నాడు. ఓ పాత ఫ్యాను పట్టుకుని రమ్మన్నాను.

– ఒక గణిత ఉపాధ్యాయురాలు, తూర్పు గోదావరి జిల్లా