ములుగు కింద పలకలు ఢీకొనలేదు

సంపాదకులకు నమస్కారం.

2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు, మౌలాలిలో మా వంటింటి స్టాండులో గిన్నెలు గలగలమన్నాయి. కాసేపటికే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో 'ములుగు కింద రెండు ప్లేట్లు ఢీకొన్నాయి' అని మెసేజ్. ప్లేట్లంటే పలకలు, భూమి పైపొరలోని పెద్ద పెద్ద రాతి ముక్కలు. అప్పుడు ఊరుకున్నాను. మొన్న మా మనవడు స్కూల్ ప్రాజెక్టులో అదే ముక్క రాసుకొచ్చాడు. ముప్పై రెండేళ్లు సోషల్ చెప్పినవాణ్ణి, ఇక ఆగలేకపోయాను.

చిక్కంతా 'ఢీకొనడం' అన్న మాటతోనే. పిల్లలు రెండు ఆర్టీసీ బస్సులు గుద్దుకున్నట్టు ఊహించుకుంటారు. అందుకే కాచి చల్లార్చిన పాలు వాడి ముందు పెట్టి, మీగడను చెంచాతో మెల్లగా గిన్నె అంచుకు నెట్టాను. ముడతలు పడి పైకి లేచింది. హిమాలయాలూ అలా లేచినవే. మన దేశం ఉన్న పలక ఆసియాను తాకి దాదాపు 5 కోట్ల ఏళ్లయింది. ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరానికి జరుగుతూనే ఉంది. రెండువైపులా ఖండపు రాయే, తేలిక. కిందికి తేలిగ్గా మునగదు కాబట్టి ముడుచుకుని, ఒకదాని మీదొకటి ఎక్కుతుంది. ఎవరెస్టు కొసన ఉన్నది ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి అంటే వాడు నమ్మలేదు. (కెలికిన పాలు ఎవరు తాగుతారని మా ఆవిడ తోడు పెట్టేసింది.)

సముద్రపు పలక సంగతి వేరు. అది బరువు, ఎదుటి పలక కిందికి దూరిపోతుంది. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర అలా బిగుసుకున్న అంచు ఒక్కసారిగా జారి సముద్రపు అడుగును ఎత్తేసింది. ఆ అలలే మన కోస్తా దాకా వచ్చాయి.

ములుగు ఈ అంచులకు ఎంతో దూరం, పలక లోపల ఉంది. అయితే అంచు దగ్గరి నెట్టుడు లోపలికీ పాకుతుంది. గోదావరి లోయలో పాత పగుళ్లున్నాయి, అవి అప్పుడప్పుడూ కదులుతాయి. 1969లో భద్రాచలం దగ్గరా భూకంపం వచ్చింది. అంచు దూరమని ధీమా కూడా పనికిరాదు. 1993లో సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకున్న లాతూరు కూడా పలక లోపలిదే.

ఈసారి భూకంపం వార్త వేసినప్పుడు పక్కన పలకల అంచులు చూపే చిన్న మ్యాపు వేయండి. భూభౌతిక పరిశోధన సంస్థ మన ఉప్పల్ రోడ్డులోనే ఉంది, ఒక ఫోన్ చేస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్, మౌలాలి, హైదరాబాద్