పార్కు నుంచి ఆ పిల్లల్ని పంపించే ముందు

సంపాదకులకు నమస్కారం.

సాయంత్రాలు పార్కులో స్పీకరు పెట్టుకొని బ్రేక్ డాన్స్ సాధన చేసే కుర్రవాళ్లను అక్కడి నుంచి పంపించివేయాలని, ఆ డాన్సూ, దరువుకు తగ్గట్టు మాటలు పలికే ర్యాప్ పాటా భాగంగా ఉన్న హిప్ హాప్ అనేది డబ్బున్న దేశపు పిల్లల పనిలేని చేష్ట అని గతవారం ఈ శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. చప్పుడు గురించి ఆయన చేసిన ఫిర్యాదు న్యాయమైనదే. ఆ కళ పుట్టుక గురించి అన్న మాట మాత్రం చరిత్రకు విరుద్ధం. చాలాకాలం చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని కనుక ఊరుకోలేక రాస్తున్నాను.

హిప్ హాప్ పుట్టినది న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో. 1948 నుంచి 1972 వరకు సాగిన రహదారి నిర్మాణం ఆ ప్రాంతాన్ని నడిమికి చీల్చి, వేలాది మందిని ఇళ్లు ఖాళీ చేయించింది. 1970లలో అద్దెలు గిట్టుబాటు కాని యజమానులు కొందరు బీమా సొమ్ము కోసం సొంత భవనాలకే నిప్పు పెట్టించారు. 1975లో నగరం దివాలా అంచుకు చేరినప్పుడు బడుల ఖర్చులోనూ కోత పడింది.

అలాంటి చోట, 1973 ఆగస్టు 11న, సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 నంబరు అద్దె భవనంలో సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవడానికి నాలుగు డబ్బులు కూడబెట్టాలని, అందరికీ ఉమ్మడిగా ఉన్న గదిలో పార్టీ పెట్టింది. ప్రవేశ రుసుము ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు. రికార్డులు వేసినది జమైకా నుంచి వలస వచ్చిన ఆమె అన్న క్లైవ్. లోకానికి అతను డీజే కూల్ హెర్క్. పాటలో గొంతు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే చోటనే జనం ఎక్కువగా చిందులేస్తున్నారని గమనించిన అతను, ఒకే రికార్డు ప్రతులు రెంటిని పక్కపక్కన తిప్పుతూ, ఒకదానిలో ఆ ముక్క ముగిసేసరికి రెండోదానిలో మళ్లీ మొదలయ్యేలా చేసి, క్షణాల దరువును నిమిషాలకు సాగదీశాడు. ఆ ముక్కకు బ్రేక్ అని పేరు. మన పార్కు పిల్లలు ఆడే ఆటకు ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది.

గది చాలకపోవడంతో పార్టీలు పార్కులకు చేరాయి. వీధి దీపాల స్తంభాల నుంచి కరెంటు తీసుకున్నారు. దేశమంతటా వినిపించిన మొదటి ర్యాప్ రికార్డు 1979లో గాని రాలేదు. అంటే ఆరేళ్లపాటు ఆ కళను బతికించినవి ఒక ఉమ్మడి గది, కొన్ని పార్కులు, పొరుగువారి ఓర్పు. నా వాదనంతా ఈ ఆరేళ్ల మీదే నిలిచి ఉంది.

తర్వాత వచ్చిన వ్యాపార పాటలు కొన్నింటిలో స్త్రీలను కించపరిచే మాటలున్నాయి, వాటిని నేనూ సహించను. అయితే బస్తీ బతుకును ఉన్నదున్నట్టు చెప్పిన ‘ది మెసేజ్’ అనే ర్యాప్ పాట 1982లో వచ్చినదీ, 2018లో ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్‌కు సంగీతంలో అమెరికా వారి పులిట్జర్ బహుమతి దక్కినదీ ఈ కళలోనే. ఆ పిల్లలు సాధన చేస్తున్న ఆటను 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆడించారు.

కాబట్టి పురపాలక అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది: సాయంత్రం రెండు గంటల సమయం, స్పీకరు శబ్దానికి ఒక పరిమితి, ఇళ్లకు దూరంగా పార్కులో ఒక మూల కేటాయించండి. వానాకాలంలో, పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళం వేసి ఉండే సామాజిక భవనాన్ని వారికి తెరవండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
విజయవాడ